ఆనెన్‌పాస్‌లోని న్యాయమూర్తి, మేయరు: పాత జర్మన్ చర్చి, న్యాయస్థాన పదవులతో నా అనుభవం

మా మామగారి వంశంలో రెండు వందల యాభై ఏళ్ల కిందట ఒక న్యాయమూర్తి ఉండేవారని, ఆయన కొడుకు మేయరుగా చేశారని, ఇంకొక తాతగారు చర్చిలో పెద్ద హోదా గలవారని జర్మనీలోని మా అత్తవారింట్లో అందరూ నమ్ముతూ వచ్చారు. ఈ నమ్మకానికి ఆధారం 1938లో మా వారి తాతగారు నింపించుకున్న ఆనెన్‌పాస్ అనే చిన్న పుస్తకం. నాజీల కాలంలో ఉద్యోగానికైనా పెళ్లికైనా తమ పూర్వీకుల్లో యూదులు లేరని రుజువు చూపవలసి వచ్చినప్పుడు, ఊరూరా పాస్టర్లు చర్చి రిజిస్టర్లు తిరగేసి, ఒక్కొక్క పూర్వీకుని పేరు, తేదీలు, వృత్తి రాసి, ముద్ర వేసి ఇచ్చేవారు. మామగారు పోయిన తరువాత, 2024 మార్చిలో ఇల్లు ఖాళీ చేస్తుండగా అది బట్టల బీరువా అడుగున దొరికింది. ఒక పుట మీద గద్ద ముద్ర చూడగానే మా వారు దాన్ని పారేద్దామన్నారు. అత్తగారు ఒప్పుకోలేదు. గుంటూరు నుంచి వచ్చిన నల్లని కోడలిని నేను. ఆ పుస్తకం ఎవరిని దూరం పెట్టడానికి పుట్టిందో తెలిసి కూడా దాన్ని నా సంచిలో పెట్టుకొని ఇంటికి తెచ్చుకున్నాను. అది నన్ను అసహ్యపెట్టింది, కానీ అందులో రాసిన పదవుల పేర్లు నన్ను వదలలేదు.

ఆ సెప్టెంబరులో మా వారి మేనత్తగారు, ఎనభై ఆరేళ్ల పెద్దావిడ, వచ్చే ఏడాది బంధువులందరూ కలిసేనాటికి వంశవృక్షం సరిగా రాసి ఇమ్మని నన్ను అడిగారు. ఆమె సొంత పిల్లలకు గానీ మా వారికి గానీ ఓపిక లేదు. నాకేమో చర్చి మాటలు చిన్నప్పటినుంచీ తెలిసినవే. మాది గుంటూరు లూథరన్ సంఘం. 1842లో గుంటూరు వచ్చి సంఘం మొదలుపెట్టిన హెయర్ దొర కూడా జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో పుట్టినవాడే. అయ్యగారు, ఉపదేశి, సంఘ పెద్దలు, సినడ్, ఇవన్నీ మా ఇంటి మాటలు. అయినా ఆనెన్‌పాస్‌లో ఉన్న రిష్టర్, బ్యూర్గర్‌మైస్టర్, హైలిగెన్‌ప్ఫ్లేగర్, ప్రొవీజర్ వంటి పదవుల్లో ఒక్కటీ వీటిలో దేనికీ సరిపోలేదు. మా మామగారి వాళ్ల ఊరు నైరుతి జర్మనీలోని వుర్టెంబెర్గ్‌లో, స్వాబియన్ ఆల్బ్ కొండల మీద, పాత ఉరాఖ్ పరిపాలన ప్రాంతంలో ఉంది. నారబట్ట నేసి బతికిన ఊరది.

ముందుగా 1876 తరువాతి కాగితాల సంగతి చూసుకున్నాను. ఆ ఏడాది జనవరి 1 నుంచి జర్మన్ సామ్రాజ్యమంతటా జననమరణాలు, వివాహాలు ప్రభుత్వ రిజిస్ట్రారు కార్యాలయంలో నమోదయ్యేవి. జనన రికార్డు 110 ఏళ్లు, వివాహ రికార్డు 80 ఏళ్లు, మరణ రికార్డు 30 ఏళ్లు దాటితేనే ఎవరైనా చూడవచ్చు. అంతలోపువైతే సాధారణంగా నేరుగా ఆ వంశంలో పుట్టినవారే అడగాలి. కోడలికి ఆ హక్కు లేదు. మా వారి చేత ఒక అధికార పత్రం రాయించి, ఆయన జనన ధ్రువపత్రం నకలు జతచేసి పంపితే తప్ప కార్యాలయం కదలలేదు. ఒక్కొక్క నకలుకూ పది, పదిహేను యూరోల మధ్య పడింది, నాలుగైదు వారాలు పట్టింది. ఈ భాగంలో పదవుల చిక్కులేమీ లేవు. అంతా రైతులు, నేతగాళ్లు, ఒక తపాలా ఉద్యోగి.

చిక్కు అంతకు ముందటి చర్చి రిజిస్టర్లలో ఉంది. వాటిని చదవాలంటే కుర్రెంట్ అనే పాత చేతిరాత రావాలి. అక్టోబరులో మా పట్టణపు వయోజన విద్యాకేంద్రంలో సాయంత్రం తరగతులకు చేరాను. రుసుము వంద యూరోల లోపే. తరగతిలో నేను తప్ప అందరూ పదవీ విరమణ చేసిన జర్మన్లు. వాళ్లకు చిన్నప్పుడు అమ్మమ్మలు ఆ లిపిలో రాసిన ఉత్తరాలు కొంత గుర్తున్నాయి, నాకు ఏ గుర్తూ లేదు. కానీ ఒక లిపి వచ్చినవాళ్లకు మరో లిపి నేర్చుకోవడం కొత్త కాదు కదా. డిసెంబరు నాటికి వాళ్లతో సమానంగానే చదువుతున్నాను. అందులో ‘ఎ’ అక్షరం ‘న్’ లాగే ఉంటుంది, ‘ఉ’ మీద మాత్రం చిన్న వంపు గీత పెడతారు. లాటిన్ మాటలు వచ్చినప్పుడు రాసేవాడు చేతిరాతే మార్చేసి గుండ్రని అక్షరాల్లోకి దిగుతాడు. పదవుల పేర్లు కొన్ని లాటిన్ మాటలే కనుక, పుట మీద గుండ్రని అక్షరాలు కనిపించిన చోటల్లా ఎవరో హోదా గల మనిషి ఉన్నాడని తెలిసిపోయేది.

నవంబరులో ఆర్కియోన్ అనే వెబ్‌సైటుకు చందా కట్టాను. ప్రొటెస్టెంట్ చర్చిల రిజిస్టర్ల స్కాన్లు అక్కడ ఉంటాయి, నెలకు దాదాపు ఇరవై యూరోలు. వుర్టెంబెర్గ్‌వాళ్లకు ఒక అదృష్టం ఉంది. 1808 నుంచి అక్కడి ప్రతి పాస్టరూ కుటుంబానికి ఒక పుట చొప్పున ఫామిలియెన్‌రెగిస్టర్ రాయవలసి వచ్చింది. భర్త, భార్య, వాళ్ల తల్లిదండ్రులు, పిల్లలు, ఎవరు ఏ పుటకు వెళ్లారో అంకెలతో సహా అందులో ఉంటుంది. నెలల పని సాయంత్రాల్లో తేలిపోయింది. అంతకు ముందుకు వెళ్లాలంటే మాత్రం బాప్తిస్మాల పుస్తకం, వివాహాల పుస్తకం, మరణాల పుస్తకం విడివిడిగా తిరగేయాలి. 1634లో నోర్డ్‌లింగెన్ యుద్ధం తరువాత సైన్యాలు ఈ ప్రాంతాన్ని దోచి తగలబెట్టినప్పుడు చాలా ఊళ్ల పుస్తకాలు పోయాయి. మా ఊరి పుస్తకం కూడా ఆ తరువాతనే మొదలవుతుంది.

పదవులు ఎక్కువగా కనిపించేది బాప్తిస్మాల పుస్తకంలో, అదీ బిడ్డ తండ్రి పేరు దగ్గర కాదు, చివరనున్న సాక్షుల వరుసలో. బిడ్డను ఎత్తుకోవడానికి పాస్టరు భార్యనో, ఊరి పెద్దనో, బడిపంతులునో పిలిస్తే గౌరవం. అందుకని నేతగాళ్ల బిడ్డల పక్కన కూడా పెద్ద పెద్ద పదవులు బారులు తీరి ఉంటాయి. ఎక్కువ హోదా ఉన్నవారి పేరు ముందు వస్తుంది. భార్యలు భర్తల పదవికి ఒక ప్రత్యయం తగిలించుకొని షుల్ట్‌హైసిన్ (ఊరి పెద్ద భార్య), షూల్‌మైస్టరిన్ (బడిపంతులు భార్య) అవుతారు. ఆమె తానుగా ఆ పదవి చేసిందని దానర్థం కాదు. పేరుకు ముందున్న విశేషణాలు కూడా హోదా చెబుతాయి. మామూలు నేతగాడు ‘గౌరవనీయుడు, అణకువ గలవాడు’ అవుతాడు, పాస్టరు ‘మిక్కిలి పూజ్యుడు’, ఉరాఖ్ నుంచి వచ్చిన అధికారి ‘ఉన్నత కులీనుడు, మహా పండితుడు’. ఆ వరుసను ఒక నెల చూస్తే పదవి పేరు చదవలేకపోయినా మనిషి ఏ మెట్టు మీద ఉన్నాడో అందుతుంది.

మా మేనత్తగారి న్యాయమూర్తి అక్కడే నాకు దొరికాడు. 1740ల నుంచి 1760ల దాకా ఎన్నో బాప్తిస్మాలకు ఆయన సాక్షి. ఒకచోట రిష్టర్ (ఇవాళ్టి జర్మన్‌లో న్యాయమూర్తి) అని, ఇంకొకచోట ‘గెరిష్ట్‌కు చెందినవాడు’ అని, మరొకచోట గెరిష్ట్స్‌ఫెర్‌వాంటర్ అని ఉంది. మూడూ ఒకటే. కానీ ఆ మూడింటి ముందూ విడవకుండా ఒక మాట ఉంది: నేతగాడు. వుర్టెంబెర్గ్ పల్లెల్లో గెరిష్ట్ అంటే సాధారణంగా పన్నెండు మంది ఊరి పెద్దల మండలి. ఒకరు పోతే మిగిలినవాళ్లే మరొకరిని చేర్చుకునేవారు, చేరినవాడు సాధారణంగా చచ్చేదాకా ఉండేవాడు. పొలం అమ్మకాలకు సాక్ష్యం పలకడం, హద్దురాళ్లు చూడడం, చిన్న చిన్న జరిమానాలు వేయడం వాళ్ల పని. న్యాయశాస్త్రం చదివినవాడు ఆ మండలిలో ఒక్కడూ ఉండడు. పెద్ద నేరమైతే ఉరాఖ్‌కు పోతుంది, అక్కడినుంచి ట్యూబింగెన్ విశ్వవిద్యాలయపు న్యాయ పండితుల అభిప్రాయానికి కూడా పోవచ్చు. 1822 నాటి పరిపాలన శాసనంతో ఈ గెరిష్ట్ గ్రామసభగా మారి, రిష్టర్లు గ్రామసభ్యులయ్యారు. కాబట్టి వుర్టెంబెర్గ్ పల్లెలో 1822కు ముందు రిష్టర్ అని ఉంటే అది మగ్గం దిగి సభకు వెళ్లిన మనిషే అయి ఉండవచ్చు.

మేయరు సంగతి ఇంకా తమాషాగా తేలింది. ఆ న్యాయమూర్తి కొడుకు 1768లో రెండో పెళ్లి చేసుకున్నప్పుడు బ్యూర్గర్‌మైస్టర్ అని రాశారు. ఇవాళ జర్మనీలో ఎవరిని అడిగినా ఆ మాటకు మేయరు అనే చెబుతారు. అయితే అదే ఏడాది అదే ఊళ్లో ఇంకొకడు షుల్ట్‌హైస్‌గా ఉన్నాడు, అధికారమంతా అతనిదే. ఒక ఊరికి ఇద్దరు పెద్దలు ఎలా ఉంటారని వెతికితే సంగతి తెలిసింది: పాత వుర్టెంబెర్గ్‌లో ఊరి పెద్ద షుల్ట్‌హైస్, బ్యూర్గర్‌మైస్టర్ ఊరి డబ్బు లెక్కలు రాసే కోశాధికారి మాత్రమే. 1930లో చట్టం మార్చి వుర్టెంబెర్గ్ ఊరి పెద్దలందరికీ బ్యూర్గర్‌మైస్టర్ అనే పేరు పెట్టారు. 1938లో ఆనెన్‌పాస్ నింపిన పాస్టరు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దింపాడు, దాన్ని చదివిన మా వారి తాతగారు ఎనిమిదేళ్ల కిందట వచ్చిన అర్థంతో చదువుకున్నారు. కుటుంబ గౌరవం మొత్తం ఆ ఎనిమిదేళ్ల మీద నిలబడి ఉంది.

నాకు నేను గుర్తుంచుకోవడానికి మన పాత గ్రామోద్యోగులను అడ్డం పెట్టుకున్నాను: షుల్ట్‌హైస్ మునసబు, ష్రైబర్ కరణం, ఊరి బంట్రోతు తలారి. ఇది ఒక దూరం వరకు బాగా పనిచేసింది, కరణం దగ్గర ఆగిపోయింది. మన కరణం ఊళ్లో ఉండేవాడు, వంశపారంపర్యం. వాళ్ల ష్రైబర్ పట్టణంలో ఉంటాడు, రాతపని శిష్యరికం చేసి వచ్చినవాడు, రాసినదానికి రుసుము పుచ్చుకుంటాడు; ఊరి లెక్కలైనా వీలునామా అయినా ఆయనో ఆయన సహాయకుడో వచ్చి రాస్తేనే చెల్లుతుంది. పత్రాలన్నీ ఇంత పొడుగ్గా ఎందుకున్నాయో అప్పుడు అర్థమైంది.

వుర్టెంబెర్గ్‌ను ఏలే డ్యూక్ తరఫున ఉరాఖ్‌లో ఉండే అధికారిని 1750ల దాకా ఫోగ్ట్ అని, 1759 తరువాత ఓబరాంట్‌మాన్ అని రాశారు, కుర్చీ అదే. కెల్లర్ అని ఇంకొకాయన తరచుగా వస్తాడు. ఇవాళ్టి జర్మన్‌లో ఆ మాట నేలమాళిగ. ఆయన డ్యూక్‌కు రావలసిన ధాన్యం, ద్రాక్షసారా వసూలు చేసే అధికారి. బైజిట్సర్ అన్న మాట నాకు అన్నిటికన్నా నచ్చింది. న్యాయస్థానాల పత్రాల్లో అది న్యాయమూర్తి పక్కన కూర్చునే సభ్యుడు. వుర్టెంబెర్గ్ పల్లె రిజిస్టర్లో అది పూర్తి పౌరహక్కు లేకుండా ఊళ్లో ఉండనిచ్చిన పేదవాడు. మా వంశవృక్షంలో అలాంటివాడు ఒకడున్నాడు. ఇంటర్నెట్‌లో ఎవరో మా ఊరి వంశాల పట్టిక పెట్టి అతన్ని న్యాయస్థాన సభ్యుణ్ణి చేశారు. అతని మరణపు నమోదులో ‘భిక్ష మీద బతికాడు’ అని ఉంది.

చర్చి పదవుల్లో నేను ఊహించినంత కష్టం లేదు గానీ వింతలున్నాయి. పేరుకు ముందు ఒంటి ‘ఎం’ అక్షరం ఉంటే మాగిస్టర్. ట్యూబింగెన్ వేదాంత కళాశాలలో చదువుకున్న పాస్టరన్నమాట. పట్టణంలో హెల్ఫర్ అని ఉంటే చర్చి ఊడ్చే సహాయకుడు కాదు, అభిషేకం పొందిన రెండో పాస్టరు. లాటిన్‌లో డియాకోనుస్ అని రాసేదీ ఆయన్నే. స్పెట్సియాల్ అంటే చుట్టుపక్కల పాస్టర్లందరి మీదా పర్యవేక్షకుడు, తరువాతి కాలంలో డెకాన్ అయ్యాడు. వికారియుస్ సాధారణంగా ముసలి పాస్టరుకు తోడుగా వచ్చిన కుర్ర పాస్టరు. మెస్నర్ గంటలు కొట్టి, చర్చి తాళాలు చూసుకునేవాడు. పల్లెల్లో ఆయనే తరచు బడిపంతులు కూడా. ప్రొవీజర్ అని ఆనెన్‌పాస్‌లో ఉన్న తాతను మందుల దుకాణంలో పనిచేశాడని అత్తగారు చెప్పేవారు, ఆ మాటకు జర్మనీలో ఆ అర్థం నిజంగానే ఉంది. కానీ వుర్టెంబెర్గ్ బడుల్లో ప్రొవీజర్ అంటే బడిపంతులు కింద, తరచుగా ఆయన ఇంట్లోనే తిని ఉంటూ, చిన్న పిల్లలకు అక్షరాలు నేర్పే కుర్రవాడు. మనవాడికి అప్పుడు పంతొమ్మిదేళ్లు.

వీటికి అర్థాలు వెతకడంలో నాకు ఎక్కువగా అక్కరకు వచ్చినది 1897లో బెర్లిన్‌లోని ప్రష్యా అకాడమీ మొదలుపెట్టగా ఇప్పుడు హైడెల్‌బెర్గ్ విజ్ఞాన అకాడమీవారు కూరుస్తున్న పాత జర్మన్ న్యాయ పదకోశం, ఇంటర్నెట్‌లో ఉచితం. అందులో ఒక మాటకు పది అర్థాలు, ఒక్కొక్క దానికీ ఊరు, సంవత్సరం ఉంటాయి. అయితే మా ఊరిలో మా సంవత్సరంలో ఏ అర్థమో తేల్చాలంటే ఆ మనిషి ఆ పని చేస్తూ కనిపించే కాగితం కావాలి. హైలిగెన్‌ప్ఫ్లేగర్ విషయంలో అది తప్పలేదు. చర్చిలో పెద్ద హోదా గల తాతగారి పదవి అదే. విడదీస్తే ‘పునీతుల సంరక్షకుడు’ అని వస్తుంది, మేనత్తగారు దాన్ని చెప్పేటప్పుడు గొంతు కొంచెం మారేది.

2025 ఫిబ్రవరిలో స్టుట్‌గార్ట్ మోరింగెన్‌లోని రాష్ట్ర చర్చి ఆర్కైవ్‌కు ఈమెయిలు రాశాను. రెండు వారాల్లో జవాబు వచ్చింది: మా ఊరి కిర్షెన్‌కొన్వెంట్ తీర్మానాల పుస్తకాలు తమ వద్ద లేవు, ఊరి పారిష్‌లోనే ఉన్నాయి. పారిష్ కార్యాలయం వారంలో రెండు పూటలే తెరుస్తారు. ఉత్తరం రాసి, ఫోను చేసి, ఈస్టరు పండుగ గడిచి, కన్ఫర్మేషన్ ఆరాధనలు గడిచి, మే నెలాఖరున గానీ అనుమతి రాలేదు. ఈ ఎదురుచూపులో విసుగు కన్నా బెరుకు ఎక్కువ. తెలుగు ఇంటిపేరుతో ఫోను చేసి, మీ ఊరి 1750ల పుస్తకాలు చూపించండని అడిగినప్పుడల్లా అవతల కొంచెంసేపు మౌనం. తీరా వెళితే పాస్టరమ్మ కాఫీ పెట్టి, ఇనుప బీరువా తెరిచి, పెన్సిలు తప్ప మరేదీ బల్ల మీద ఉండకూడదని చెప్పి, పక్క గదిలో తన పని చేసుకున్నారు. రుసుము అడగలేదు, చర్చి మరమ్మతుల డబ్బాలో ఇరవై యూరోలు వేసి వచ్చాను.

కిర్షెన్‌కొన్వెంట్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే చర్చి పదవులూ న్యాయ పదవులూ ఒకే బల్ల చుట్టూ కూర్చునే చోటు అదే. ముప్ఫై ఏళ్ల యుద్ధం చివరి రోజుల్లో, 1640లలో, యోహాన్ వాలెంటీన్ ఆండ్రేయె అనే లూథరన్ వేదాంతి ప్రోద్బలంతో వుర్టెంబెర్గ్ ఊరూరా పెట్టిన నీతి సభ అది. పాస్టరు, షుల్ట్‌హైస్ కలిసి అధ్యక్షత వహిస్తారు. హైలిగెన్‌ప్ఫ్లేగర్, ఇద్దరు ముగ్గురు రిష్టర్లు సభ్యులు. ఆదివారం పనిచేసినవాళ్లు, బడికి పిల్లల్ని పంపనివాళ్లు, మొగుడూపెళ్లాల తగాదాలు వాళ్ల ముందుకు వస్తాయి.

నేను చూసిన పుటలో, 1756 జనవరి, రాత్రి నూలు వడికే గదిలోకి మగపిల్లల్ని రానిచ్చిన నలుగురు అమ్మాయిలను పిలిపించారు. దీపం ఖర్చు కలిసివస్తుందని ఆడపిల్లలందరూ ఒక ఇంట్లో చేరి వడికే అలవాటు ఉండేది. అధికారులకు అది మొదటినుంచీ కంటగింపే. ఒక అమ్మాయి ‘తలుపు గడియ విరిగి ఉంది’ అని చెప్పినట్టు పాస్టరు రాసుకున్నాడు. తలా పదిహేను క్రొయిట్సర్లు జరిమానా; అరవై క్రొయిట్సర్లు ఒక గుల్డెన్. కింద నాలుగు సంతకాలు, నాలుగోది మన తాతది. పాస్టరు రాతలో అక్షరాలు ముత్యాల్లా సాగిపోతుంటే, ఈయన పేరులోని ఒక్కొక్క అక్షరం విడివిడిగా, సిరా కలం ఆగిన ప్రతిచోటా మరకపడి ఉంది. చేతిరాత అంతంతమాత్రంగా వచ్చిన మనిషి. ఆ పక్కనే పాస్టరు చిన్న అక్షరాలతో ‘ఒక గుల్డెన్ హైలిగెన్‌ప్ఫ్లేగర్‌కు ముట్టింది’ అని రాశాడు.

ఆ తాత పని అదన్నమాట. లూథరన్లు పునీతుల ఆరాధన మానేసి రెండు వందల ఏళ్లయినా, పాత రోజుల్లో ఊరి చర్చి ఏ పునీతుని పేర వెలిసిందో ఆయన పేర ఉన్న ఆస్తిని ‘హైలిగె’ అనే పిలుస్తూ వచ్చారు. పొలాలు, కౌళ్లు, జరిమానాలు, కానుకలు అన్నీ అందులోకి వస్తాయి. చర్చి కప్పు బాగుచేయడం, పేదలకు రొట్టె, బడిపంతులు జీతంలో కొంత అందులోంచి పోతాయి. మిగిలిన డబ్బు ఊళ్లోవాళ్లకు వడ్డీకి ఇస్తారు, మామూలుగా నూటికి అయిదు. అప్పు పత్రాలు దాచేదీ, వడ్డీ వసూలు చేసేదీ, ఏడాదికొకసారి లెక్క చూపేదీ హైలిగెన్‌ప్ఫ్లేగర్. ఉన్నతమైన ఆధ్యాత్మిక పదవి కాదు. ఊళ్లో సగం మంది ఆయనకు బాకీ. నేను ఆ పుస్తకంలో చూసిన అప్పులవాళ్లలో ఆయన సొంత బావమరిది కూడా ఉన్నాడు.

జూన్‌లో ఆస్తి పట్టికల వేట మొదలైంది. వుర్టెంబెర్గ్‌లో పదహారో శతాబ్దం నుంచి 1899 దాకా, పెళ్లి అయినప్పుడు ఒకసారి, మనిషి పోయినప్పుడు ఒకసారి, ఇంట్లో ఉన్న ప్రతి వస్తువుకూ వెల కట్టి రాసేవారు; వీటిని ఇన్వెంటూర్, టైలుంగ్ అంటారు. మా ఊరివి జిల్లా స్థాయి ఆర్కైవ్ ఒకదాని అధీనంలో ఉన్నాయి. సమయం దొరకడానికి ఆరు వారాలు పట్టింది, ఆ లోపు ఒకసారి వాయిదా కూడా వేశారు. అక్కడ ఫోటోలు తీసుకోవడానికి ఒక పత్రం నింపి, తక్కువ రుసుమే కట్టాలి. నా ఖర్చంతా రైలు టికెట్లకు, ఒక విశ్రాంత ఆర్కైవిస్టుకు అయింది. ఆర్కియోన్‌లో పాస్టర్ల చేతిరాత అలవాటైన నాకు ష్రైబర్ల రాత, వాళ్ల కుదింపులు కొరుకుడు పడలేదు. ఆయన గంటకు యాభై యూరోలకు పైన తీసుకున్నారు, దానికి రెండింతలు విలువ చేసే పని చేశారు.

మేయరు అనుకున్న కోశాధికారి 1781లో పోయాడు. పట్టిక మొదట్లోనే ఎవరెవరు వచ్చారో ఉంది: షుల్ట్‌హైస్, ఇద్దరు వైసెన్‌రిష్టర్లు, పట్టణం నుంచి ష్రైబర్ సహాయకుడు. వైసెన్‌రిష్టర్ అంటే అనాథల న్యాయమూర్తి అని కంగారు పడనక్కర్లేదు. వారసుల వాటాలు తేల్చేందుకు గెరిష్ట్ నుంచి పంపిన ఇద్దరు పెద్దలు. చిన్నపిల్లలకు ఒక ప్ఫ్లేగర్, అంటే సంరక్షకుడు. వితంతువుకు ఒక క్రీగ్స్‌ఫోగ్ట్. ఈ మాట చూసి మా వారు ఎగిరి గంతేశారు, క్రీగ్ అంటే యుద్ధం కనుక మా వంశంలో ఒక సేనాని బయటపడ్డాడని. అది పాత భాషలో వ్యాజ్యం. ఆడవాళ్లు న్యాయపరమైన ఏ పని చేయాలన్నా పక్కన ఒక మగవాడు నిలబడి ఒప్పుకోవలసిన కాలమది. అలా నిలబడిన మనిషే క్రీగ్స్‌ఫోగ్ట్. 1828లో గానీ వుర్టెంబెర్గ్ ఆ నియమం ఎత్తేయలేదు. ఆమె సొంత ఇంట్లో, ఆమె తెచ్చుకున్న దుప్పట్లను లెక్కపెడుతుంటే, ఆమె తరఫున మాట్లాడింది పక్కింటి రొట్టెలు కాల్చేవాడు.

పట్టికలో బైబిలు, పాటల పుస్తకం, మూడు చొక్కాలు, ఒకటి ‘చిరిగినది’, రెండు మగ్గాలు, అర బస్తా ఓట్స్ ధాన్యం అన్నీ అయ్యాక, అప్పుల భాగంలో అన్నిటికన్నా పెద్ద అంకె ఉంది. కోశాధికారిగా ఆయన లెక్కలో ఊరికి తేలవలసిన నిలువ. వసూలు కాని పన్నులు, వసూలై ఖర్చు కాని డబ్బు, ఏదైనా సరే, లెక్క ముగిసేనాటికి చేతిలో చూపలేకపోతే ఆ మొత్తం కోశాధికారి సొంత బాకీ అవుతుంది. దానికోసం ఒక గడ్డి భూమి, ఒక మగ్గం అమ్మారు. ఆయన కొడుకుల్లో ఒక్కడూ ఏ పదవీ చేయలేదన్న సంగతి నేను ముందే గమనించాను. కారణం ఈ పుట దాకా తెలియలేదు.

సెప్టెంబరులో బంధువులు కలిసినప్పుడు మేనత్తగారికి ఇవన్నీ చెప్పాలంటే నాకు రాత్రంతా నిద్ర లేదు. ఆమె అద్దాలు సర్దుకొని, న్యాయమూర్తి పుటను, మేయరు పుటను, చర్చి పెద్ద పుటను వరుసగా చూసి, ‘అయితే మనవాళ్లకు లెక్కలు రావన్నమాట, అది మాత్రం నిజమే’ అన్నారు. నూలు వడికే గదిలోని అమ్మాయిల కథ మాత్రం మళ్లీ మళ్లీ చదివించుకున్నారు. ఆ నలుగురిలో ఒకామె ఆ హైలిగెన్‌ప్ఫ్లేగర్ కోడలైంది, మనమందరం ఆమె సంతానమే అని చెప్పినప్పుడు బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరూ పెద్దగా నవ్వారు. ఆనెన్‌పాస్‌ను ఏం చేయాలన్నది ఇంకా తేలలేదు. ప్రస్తుతం నా సొరుగులోనే ఉంది.

వంశవృక్షంలో ఇప్పుడు పదవులన్నీ పుస్తకంలో ఉన్న వర్ణక్రమంతోనే రాశాను, పక్కన సంవత్సరం, ఊరు, ఆ కాలంలో ఆ మనిషి చేసిన పని. ‘ఆల్ట్’ అన్న మాట పేరుకు ముందు వచ్చిన చోట అది వయసులో పెద్దవాడనా, మాజీ అనా అన్నది విడిగా గుర్తు పెట్టాను. ‘వైలాండ్’ అని ఉంటే అప్పటికే చనిపోయాడని. ఒక శాఖ దక్షిణాన క్యాథలిక్ ఊళ్లకు పోయింది, అక్కడి ఫాదర్లు అంతా లాటిన్‌లో రాశారు, ఊరి అధికారిని సాత్రాపా అని కూడా అంటారట. వాటిని ఇంకా ముట్టుకోలేదు. దానికన్నా ముందు చూడవలసినది స్టుట్‌గార్ట్‌లోని ప్రధాన రాష్ట్ర ఆర్కైవ్‌లో ఉంది. 1782లో ఆ కోశాధికారి వితంతువు బాకీలో కొంత తగ్గించమని డ్యూక్‌కు పెట్టుకున్న అర్జీ, ఉరాఖ్ ఓబరాంట్‌మాన్ దాని మీద రాసిన అభిప్రాయంతో సహా, ఒక కట్టలో ఉన్నట్టు జాబితా చూపిస్తోంది. ఆ కట్ట తెప్పించి ఉంచమని కోరాను, ఈ నెలాఖరుకు రమ్మన్నారు.